పాట దగ్గు

టీచరమ్మ గారు పోయారన్న కబురు నాకు దువ్వాడ స్టేషన్లో తెలిసింది. టౌనుకి వెళ్ళే మధ్యాహ్నం బండి కోసం నిలబడి ఉన్నాను. అటునుంచి వచ్చిన బండిలోంచి మైకుసెట్టు బావ దిగాడు. విశాఖ పాత ఊళ్ళో మైకులూ సీరియల్ బల్బులూ అద్దెకిచ్చే కొట్టు ఆయనది. నేను ఆ వీధిలో అద్దెకున్న రోజుల నుంచీ ఒకరినొకరం బావా అని పిలుచుకుంటాం. ఆయన మామూలుగా మాట్లాడినా రోడ్డు అవతలికి వినపడుతుంది. అలాంటివాడు ఆవేళ నా చెయ్యి పట్టుకుని, గొంతు బాగా తగ్గించాడు.

"బావా, టీచరమ్మ ఎల్లిపోనారు. తెల్లారగట్ట. ఇంకెవలి నోటంట నువ్వు ఇనడం దేనికని నానే బండెక్కి ఒచ్చీసాను."

ఆవిడ జబ్బు సంగతి అందరికీ తెలిసిందే. చలి మొదలైనప్పటి నుంచీ ఈ కబురు కోసం నేను లోపల్లోపల భయంగా కాచుకునే ఉన్నాను. అయినా నేనెక్కవలసిన బండి వచ్చి వెళ్ళిపోయాక కూడా మేమిద్దరం ఆ ప్లాట్‌ఫారం మీద నుంచి కదల్లేకపోయాం.

టీచరమ్మ అంటే మీలో చాలామందికి తెలియకపోవచ్చు. కాని ఆవిడ గొంతు తెలిసే ఉంటుంది. డెబ్భైల చివర్లో విశాఖపట్నంలో ఒక్క డిసెంబరు గడిపినవాళ్ళెవరైనా, ఎర్ర గెడ్డం క్రిస్మస్ తాత పాట విని తీరతారు. టీ కొట్లలో, మార్కెట్లో, పెళ్ళి పందిళ్ళలో కూడా వేసేవారు. ఆ బొంగురు గొంతు విని తాత పాత్ర వేసింది ఎవరో లావుపాటి మగమనిషి అనుకున్నారు ఊరంతా. కాదు. ఆవిడే. మిషన్ బడిలో ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించే సన్నపాటి మనిషి.

మాది గోదావరి జిల్లా. చదువైపోగానే రేవు దగ్గర ఒక ప్రైవేటు కంపెనీలో గుమాస్తాగా చేరాను. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. తర్వాత చేతులు మారి, పేరు మారి, ఇప్పుడు ఎవరిదో అయింది. వ్యాగన్లలో వచ్చే ఇనుప ఖనిజాన్ని గుట్టలుగా పోయించి ఓడలకెక్కించడం వాళ్ళ పని. ఆ గుట్టలకీ టీచరమ్మ గారి వీధికీ నడుమ ఒక గోడా, ఒక రైలు కట్టా. ఆవిడ ఇంటి మేడమీద గది నాకు అద్దెకిచ్చారు. భర్త టగ్గు పడవ నడిపే సరంగుగా చేసి, నేను రాకముందే పోయారు. పిల్లల్లేరు.

మొదటి సాయంత్రం ఆవిడే పిలిచి అన్నం పెట్టారు. కడిగి బోర్లించిన కంచాన్ని తీసి పొడిగుడ్డతో తుడిచారు. అన్నం గిన్నె తెచ్చి, వడ్డించబోతూ మళ్ళీ తుడిచారు.

"కడిగిందేగా అండీ, ఇన్నిసార్లెందుకండి?" అన్నాను.

"ఒకసారి నీకోసరం బాబూ. ఇంకోసారి దానికోసరం" అని కిటికీ వైపు చూశారు.

గుడ్డ మీద తుప్పు రంగు చార ఉంది. ఆ ధూళికి ఆవిడ ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. 'ఇయ్యాల అది లోపలికొచ్చింది' అనేవారు. 'అది బాగా తిరుగుతంది, పిల్లల్ని బయట ఆడనివ్వకండి' అనేవారు. ఇంటి మీద కన్నేసిన మనిషి గురించి చెప్పుకున్నట్టుండేది ఆ మాట. నాకు మొదట్లో నవ్వొచ్చేది. మొదటి చలికాలం గడిచాక నవ్వు రాలేదు. ఎండాకాలం సముద్రపు గాలి దాన్ని కొండల వైపు తోసేసేది. చలికాలంలో గాలి ఆగిపోతుంది. తెల్లవారేసరికి మంచూ ధూళీ కలిసి వీధి మీద కదలకుండా నిలబడి ఉండేవి. ఆ ఎర్రటి మసకలోంచి కన్వేయర్ బెల్టు చప్పుడు వినపడేది. మనుషులు కనపడకుండా దగ్గులు మాత్రం వినపడేవి.

పాట పుట్టింది నవ్వులాటగానే. చర్చిలో పిల్లల చేత వేయించే క్రిస్మస్ నాటకంలో ఏటా తాత వేషం ఆవిడదే. ఆ ఏడు దసరా వెళ్ళగానే, సాధన కోసమని, దూదితో కొత్త గడ్డం కట్టి, జిగురు ఆరడానికి డాబా మీద పెట్టారు. మధ్యాహ్నానికి చూస్తే దూది ఇటుక రంగులో ఉంది. చుట్టూ మూగిన పిల్లలు బెంగగా చూస్తుంటే ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వి, ఆ గడ్డమే పెట్టుకుని, అక్కడికక్కడే పాట కట్టేశారు.

తాతొచ్చినాడర్రా, ఓడ దిగినాడర్రా,
తెల్ల గెడ్డం ఊపుకుంటా రేవు దాటినాడర్రా!

ఇది పిల్లలందరూ. తర్వాత ఒక్క పిల్ల ముందుకొచ్చి అడగాలి:

ఎర్ర గెడ్డం తాతయ్యా, నువ్వెవరివయ్యా?

అప్పుడు తాత రెండు దెబ్బలకి సరిగ్గా తాళం వేసినట్టు దగ్గాలి. "ఖళ్! ఖళ్! నానేనర్రా!"

అడిగే పిల్ల సుగుణ. ఎదురింటి రేవు కళాసీ కూతురు, రెండో తరగతి. ముందరి పళ్ళు రెండూ ఊడిపోయి, 'నువ్వెవరివయ్యా' అనేటప్పుడు గాలి తుస్సుమనేది. ఆ తుస్సుకే జనం సగం నవ్వేవారు. మిగతా సగం తాత దగ్గుకి.

ఆ రోజుల్లో టీచరమ్మ గారికి ఒక పట్టుదల ఉండేది. చర్చి వెనకున్న ఖాళీ గదిలో ఒక ఆక్సిజన్ సిలిండరూ, వారానికి రెండు రోజులు వచ్చే డాక్టరూ ఉండాలని. పెద్దాసుపత్రికి చేరేలోపు పిల్లలు నీలంగా మారడం ఆవిడ చూశారు. చందాల కోసం తిరిగారు. ఉన్నదున్నట్టు చెప్పేసరికి జనం తలుపు దగ్గరే మొహం తిప్పుకునేవారు. ఒకరోజు అలసిపోయి వచ్చి మెట్ల మీద కూర్చుని నాతో అన్నారు:

"ఏడిసీవోడి కాడ్నుంచి జనం జరిగిపోతారు బాబూ. నవ్వించీవోడి కాడికి జరుగుతారు. మనం నవ్విద్దుమా?"

రికార్డు వేద్దామన్న ఆలోచన మైకుసెట్టు బావది. ఆయన దగ్గర పెద్ద స్పూలు టేపు రికార్డరు ఉంది. ఇక్కడ పాడించి, స్పూలు మద్రాసు పట్టుకెళ్ళి, చిన్న రికార్డులు అచ్చు వేయించుకొస్తానన్నాడు. ఒకవైపు తాత పాట, రెండోవైపు పిల్లల ప్రార్థన గీతం. వచ్చిన డబ్బంతా చర్చి వెనక గదికి. నేను హార్మోనియం వాయించాలి. కవరు మీద పేర్లు రాసేటప్పుడు ఆవిడ నా పేరు వద్దన్నారు.

"నువ్వు ఆ కంపినీవోళ్ళ ఉప్పు తింతన్నావు. నీ పేరు దీని మీదుంటే రేపు నీకు నానేటి సమాధానం సెప్పను?"

తన పేరూ వేయించుకోలేదు. 'క్రిస్మస్ తాత, పిల్లలు' అని మాత్రమే అచ్చయింది.

రికార్డింగు చర్చిలోనే, మధ్యాహ్నం పూట. ఓడల కూతలు లోపలికి రాకుండా తలుపుల సందుల్లో గుడ్డలు కుక్కాం. ఉక్కపోతకి పిల్లలు చెమటలు కక్కుతున్నారు. సుగుణ తన లైను ముద్దుగా అడిగింది. తాత దగ్గాడు. ఒకటి, రెండు. ఆగాలి. ఆగలేదు. మూడు, నాలుగు... తాళం పోయింది, ఆవిడ వంగిపోయారు, ఒక చెయ్యి నా హార్మోనియం మీద ఆనించారు. పిల్లలు అదంతా నటన అనుకుని పడిపడి నవ్వుతున్నారు. టేపు తిరుగుతూనే ఉంది. చివరికి ఆవిడ ఊపిరి అందుకుని, కళ్ళలో నీళ్ళతో, "నానేనర్రా!" అన్నారు.

"అదిరిపోనాది టీచరమ్మా! ఇంకోసారి అక్కల్లేదు!" అని మైకుసెట్టు బావ ఎగిరి గంతేశాడు.

ఆవిడ జేబురుమాలుతో మూతి తుడుచుకుని, రుమాలు విప్పి ఒక్క క్షణం చూసి, మడతపెట్టి జాకెట్టులో దోపుకున్నారు. నేను చూడటం ఆవిడ చూశారు. "బాగొచ్చింది కదా?" అన్నారు. నేను తలూపాను. అప్పటికి మా ఇద్దరికీ తెలిసినది ఒకటే అయి ఉండాలి.

డిసెంబరు మొదట్లో రికార్డులు వచ్చాయి. ఊరు ఆ దగ్గుని నెత్తిన పెట్టుకుంది. ఓడ కళాసీలు కొనుక్కుని పరాయి దేశాలకి పట్టుకుపోయారు. హోటల్లో సర్వర్లు కాఫీ పెడుతూ "ఖళ్ ఖళ్, నానేనర్రా" అనేవారు. చర్చి వెనక గదికి సున్నం పడింది. టీచరమ్మ గారు ఆ సున్నం గోడకేసి చూస్తూ నిలబడటం నేను చాలాసార్లు చూశాను. ఆవిడ మొహంలో అంత సంతోషం అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

అన్నిటికన్నా ఎక్కువగా ఆ పాట పట్టుకున్నది మా వీధి పిల్లలు. పొద్దున్న లేస్తే అదే ఆట. ఒకడు నువ్వెవరివయ్యా అని అడగడం, మిగతా అందరూ వంగి దగ్గడం. ఎవరు ఎక్కువసేపు దగ్గితే వాళ్ళే తాత. నేను ఆఫీసుకి బయల్దేరేటప్పుడు ఆ మంచులో, ఆ ఎర్రటి మసకలో వీధి పొడుగునా దగ్గులూ నవ్వులూ కలిసిపోయి వినపడేవి. ఇళ్ళలోంచి తల్లులు కేకేసేవారు. "ఒరే, అది నిజం దగ్గేటిరా, పాట దగ్గేటిరా?"

"పాట దగ్గేనే అమ్మా!"

కొన్నాళ్ళకి తల్లులు అడగడం మానేశారు.

సుగుణ క్రిస్మస్‌కి ముందు నుంచే దగ్గుతోంది. రికార్డులో పాడిన పిల్ల కదా, ఆ ఆటలో అందరికన్నా బాగా దగ్గేది. వాళ్ళమ్మ వంటింట్లోంచి, "సాల్లేవే, తాత వేషం సాలించు" అని మురిపెంగా కసిరేది. పండగ మర్నాడు పిల్ల అరుగు మీద ఒరిగిపోయి ఉంటే, పక్కనున్న పిల్లలు ఇంకా నవ్వుతున్నారు. టీచరమ్మ గారు మెట్లమీంచి చూసి పరుగెత్తారు. ఆవిడ పరుగెత్తడం నేను అదొక్కసారే చూశాను. చర్చి వెనక గదిలో సిలిండరు ఇంకా రాలేదు. రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. దారి పొడుగునా పిల్ల తల ఆవిడ ఒళ్ళోనే ఉంది. వాల్టేరు మెట్ట ఎక్కేచోట రిక్షాని నేను వెనకనుంచి తోస్తున్నాను. "తొందరగా బాబూ, తొందరగా" అంటున్న ఆవిడ గొంతు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇక తోయక్కర్లేదని నాకు అర్థమైంది.

పిల్లని ఇంట్లో పడుకోబెట్టి ఉండగానే మార్కెట్ వైపు నుంచి లౌడ్‌స్పీకర్లో పాట మొదలైంది. 'ఎర్ర గెడ్డం తాతయ్యా, నువ్వెవరివయ్యా?' అదే తుస్సు. కింద కూర్చున్న తల్లి తలెత్తి గుమ్మం వైపు చూసింది. ఆ చూపు చూసినవాళ్ళెవరూ మర్చిపోలేరు. పిల్ల బయట ఆడుకుంటోందని ఒక్క క్షణం నమ్మినట్టుంది.

టీచరమ్మ గారు చెప్పులు కూడా వేసుకోకుండా లేచారు. నేను వెనకాలే వెళ్ళాను. మార్కెట్లో మొదటి కొట్టు ముందు నిలబడి, "ఆపండి బాబూ, ఆ పాట ఆపండి" అన్నారు. ఆ బొంగురు గొంతు వినగానే కొట్టువాడు తల పక్కకి పెట్టి విన్నాడు. మొహం వెలిగిపోయింది. "ఓలమ్మో! తాత ఈవిడేరా!" అని అరిచాడు. జనం చేరారు. "ఆపండి, మీకు దణ్ణం పెడతాను" అంటున్నకొద్దీ నవ్వు పెరిగింది. పాటలాగే ఇదీ ఒక కామిక్కు అనుకున్నారు. ఎవడో వెనకనుంచి "ఒకసారి దగ్గండి టీచరమ్మా!" అని అడిగాడు. నేను గట్టిగా అరిచి చెప్పేదాకా, పిల్ల పోయిందని చెప్పేదాకా, వాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. ఆ కొట్టువాడు ఆపేశాడు, పాపం. కాని పై వీధిలో అదే మోగుతోంది. దాని అవతల ఇంకోచోట. ఆవిడ రోడ్డు మధ్యలో నిలబడి ఏ వైపు వెళ్ళాలో తెలియక అటూ ఇటూ తిరగడం ఇప్పటికీ నా కళ్ళకి కడుతుంది.

"నాను నేర్పిన దగ్గే బాబూ" అన్నారు ఇంటికొచ్చాక.

మా కంపెనీ వాళ్ళకి ఈ పాట మీద కోపం వస్తుందని నేను అనుకుంటూ ఉండేవాణ్ణి. కోపం రాలేదు. దండ వచ్చింది. మేనేజరు గారే కారులో పూలదండ పంపించి, కొత్త సంవత్సరం రోజున క్లబ్బులో ఫ్యామిలీలందరి ముందూ పాడాలని టీచరమ్మ గారిని అడిగించారు. "మా మీద వేసిన జోకైనా మేం స్పోర్టివ్‌గా తీసుకుంటాం" అన్నారట. ఆవిడ వెళ్ళరనుకున్నాను. వస్తానని కబురు పెట్టారు.

"హార్మోనియం నేనే వాయిస్తానండి" అన్నాను.

"నీ ఉజ్జోగం?"

"పిల్ల పాడినప్పుడు వాయించింది నేనే కదండీ."

ఆవిడ నా కంచం తీసి తుడవడం మొదలుపెట్టారు.

క్లబ్బు నిండా రంగు కాగితాలు, బుడగలు. ఆవిడ వేషం వేసుకోలేదు. మామూలు నేత చీరలో స్టేజి మీద నిలబడి, పిల్లల చరణం ఒక్కరే పాడారు. సుగుణ అడగాల్సిన చోట ఆగారు. నేను హార్మోనియం మీద ఆ స్వరాలు మాత్రం పలికించాను. హాలంతా సరదాగా అందుకుంది. 'ఎర్ర గెడ్డం తాతయ్యా, నువ్వెవరివయ్యా?' ఆవిడ దగ్గలేదు. అలా నిలబడి చూస్తూ ఉన్నారు. ఆ ఖాళీని హాలే నింపేసింది. ఆడవాళ్ళూ, మగవాళ్ళూ, వాళ్ళ పిల్లలూ అందరూ ఒక్కసారిగా, "ఖళ్! ఖళ్!" అని దగ్గి పెద్దగా నవ్వారు.

నవ్వు సద్దుమణిగేదాకా ఆవిడ ఆగారు.

"బాగా దగ్గినారు. నన్ను పేరడిగిన పిల్ల పేరు సుగుణ. మొన్ననే మట్టిలో పెట్టీసాం. సరదాకి దగ్గుతందని అందరం అనుకున్నాం. ముందర నవ్వింది నానే. నాను మిమ్మల్ని ఏటీ అడగను. ఒక్క పూట మా ఈదికొచ్చి, మా ఇంట్లో బోయినం సెయ్యండి. అంతే."

ఒక బుడగ ఎక్కడో పేలితే అందరూ ఉలిక్కిపడ్డారు.

భోజనానికి ఒక్కరే వచ్చారు. మేనేజరు గారి భార్య. నాలుగు రోజుల తర్వాత, ఎవరికీ చెప్పకుండా, ఒంటరిగా. టీచరమ్మ గారు చేపల పులుసు వండారు. వచ్చినావిడ నేల మీద కూర్చుని తిన్నారు. తింటూ మధ్యలో ఒకసారి నాలుక మీద ఏదో తగిలినట్టు ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ తిన్నారు. తర్వాత ఎదురింటికి వెళ్ళి సుగుణ తల్లి పక్కన చాలాసేపు కూర్చున్నారు. ఇంటికెళ్ళి భర్తతో ఏమన్నారో నాకు తెలియదు. ఆ నెలలోనే ఖనిజం గుట్టల మీద నీళ్ళు చిమ్మే గొట్టాలు వేశారు. టార్పాలిన్లు కప్పారు. చర్చి వెనక గదికి సిలిండరు వచ్చింది, డాక్టరూ వచ్చాడు. ఆ గదిలో ఊపిరి తేరుకుని ఇంటికి నడిచి వెళ్ళిన పిల్లల్ని నేను కళ్ళారా చూశాను. నా ఉద్యోగం పోయింది. ఉక్కు ఫ్యాక్టరీ కట్టడం మొదలై, అక్కడ పని దొరికేదాకా టీచరమ్మ గారు నా దగ్గర అద్దె తీసుకోలేదు, అన్నం మానలేదు. "నువ్వు వాయించినందుకు కాదు బాబూ, ఆకలేత్తాది కదా" అనేవారు.

మిగిలిన రికార్డుల్ని మైకుసెట్టు బావ తనంతట తానే తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ వాటిని పగలగొట్టించబోతే సుగుణ తల్లి వచ్చి ఒకటి అడిగింది. "నా పిల్ల గొంతు ఇంకెక్కడుందమ్మా?" ఆ ఒక్కటీ ఇచ్చారు. ఆ తల్లి ఏటా క్రిస్మస్‌కి మైకుసెట్టు బావ కొట్టుకి వచ్చి వేయించుకుంటుంది. పిల్ల అడగడం అయిపోగానే, తాత దగ్గకముందే, చెయ్యి చాచి తానే ముల్లు పైకి తీసేస్తుంది.

నీళ్ళ గొట్టాలు ఒకటి రెండేళ్ళు బాగా పనిచేశాయి. తర్వాత ఊళ్ళో నీళ్ళకి కటకట అన్నారు. కంపెనీ చేతులు మారింది. టార్పాలిన్లు చిరిగిపోయాయి. టీచరమ్మ గారి గొంతు ఏడాదికేడాది సన్నబడుతూ వచ్చింది. ఊరంతా మోగిన ఆ గొంతు చివరికి పక్కన కూర్చుంటే గాని వినపడేది కాదు. అయినా ఎవరొచ్చినా నవ్వించే పంపేవారు. కిందటిసారి వెళ్ళినప్పుడు నా చెవి దగ్గరికి వంగి, "తాతకి రెండు ముక్కల కంటే ఎక్కువ రావట్లేదు, పాట సిన్నదవడం మేలైనాది" అన్నారు. నేను నవ్వాను. నవ్వినందుకు ఆవిడ తృప్తిగా కళ్ళు మూసుకున్నారు.

దువ్వాడ నుంచి మేం చేరేసరికి సాయంత్రమవుతోంది. ముందు గదిలో పడుకోబెట్టారు. వీధిలో పిల్లలు, ఇప్పటి పిల్లలు, ఆ పాట ఎన్నడూ విననివాళ్ళు, గుమ్మం బయట నిలబడి చూస్తున్నారు. సుగుణ తల్లి తల దగ్గర కూర్చుని ఉంది. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టబోతుండగా గాలి గుట్టల మీంచి ఇటు తిరిగింది. రైలు కట్ట వైపు వీధి చివర ఎవరో కిటికీ మూశారు. తర్వాత పక్కింట్లో. ఆ తర్వాత ఇంకో ఇంట్లో. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కొసనుంచి ఒక్కొక్క కిటికీ, ఒక్కొక్క తలుపూ మూసుకుంటూ ఆ చప్పుడు మా వైపు నడిచొస్తోంది. పిల్లలు ఒకరొకరే అరుగులు దిగి ఇళ్ళలోకి వెళ్ళిపోయారు. చూడవచ్చేవాళ్ళ కోసం ఆవిడ ఇంటి తలుపులూ కిటికీలూ అన్నీ బార్లా తీసి ఉన్నాయి. మూద్దామని ఎవరమూ లేవలేదు.